పెద్ద కాలువ ఎవరిది? బస్తీ వాలంటీర్ల శిక్షణలో లేని పాఠం

కృష్ణా డెల్టాలోని ఒక పట్టణంలో, మున్సిపల్ సమావేశ మందిరంలో మూడు రోజుల శిక్షణ జరిగింది. ఒక పరిశోధక విద్యార్థికి తోడుగా, నోట్సు రాసిపెట్టడానికి నేనూ వెళ్లాను. వచ్చినవాళ్లు నలభై మందికి పైగా ఆడవాళ్లు. దాదాపు అందరూ పట్టణం చివరి దళితపేటల నుంచీ, కాలువ గట్ల మీది గుడిసెల నుంచీ వచ్చినవాళ్లే. తమ వీధుల్లో పారిశుద్ధ్యం, నీళ్లు, ఆరోగ్యం వంటి పనులకు నాయకత్వం వహించేలా వాళ్లను తయారుచేయడం ఆ శిక్షణ ఉద్దేశం. శిక్షకుడు మంచి మాటకారి. బెలూన్లు ఊదించాడు, తాడు పట్టించి వలయంగా నిలబెట్టాడు, 'నేను చేయగలను' అని అందరిచేతా గట్టిగా అనిపించాడు. రెండో రోజు మధ్యాహ్నం చార్టు మీద సమస్యల చెట్టు గీయిస్తుండగా వెనక వరసలోంచి ఒకామె లేచింది.

"సార్, మా ఈదిలో కాలవ మేమే తీసుకుంటాం. అది ఎల్లి కలిసే పెద్ద కాలవ ఎవరిదండీ? మున్సిపాలిటీదా, ఇరిగేషనోళ్లదా? అది నిండితే మా నీళ్లు మా ఇళ్లల్లోకే ఎనక్కొస్తన్నాయి."

"అది టెక్నికల్ విషయం అమ్మా. ముందు మన ఆలోచన మారాలి" అన్నాడు శిక్షకుడు. చెట్టు గీయడం కొనసాగింది.

ఆమె అడిగిన దాంట్లో మున్సిపల్ పరిపాలన అంతా ఉంది. డెల్టా పట్టణాల్లో వీధి పక్క కాలువ మున్సిపాలిటీది. అది పోయి కలిసే మేజర్ డ్రెయిన్ చాలాచోట్ల జలవనరుల శాఖ డ్రైనేజీ విభాగానిది. మధ్యలో రోడ్డు కింద తూము ఉంటే, ఆ రోడ్డును బట్టి అది ఆర్ అండ్ బీ వాళ్లదీ కావచ్చు. పూడిక ఎక్కడ పడిందో, వాటం ఎక్కడ పోయిందో తెలిస్తే తప్ప అర్జీ ఎవరికివ్వాలో తెలియదు. ఎవరికివ్వాలో తెలియని అర్జీ ఆఫీసుల మధ్య తిరుగుతూ ఉంటుంది, ఈలోగా వాన వస్తుంది. నీరు పల్లమెరుగు అంటారు. ఆ పల్లంలో ఎవరుండాలో మాత్రం ఊరు ముందే తేల్చేసింది.

బస్తీవాసులనే వాలంటీర్లుగా తీర్చిదిద్ది వాళ్లచేతే వాడలను బాగుచేయించే కార్యక్రమాలు మన దేశంలో అర్ధ శతాబ్దానికి పైగా నడుస్తున్నాయి. వాటిని నడిపినవాళ్లలో చాలామంది చిత్తశుద్ధిని నేను శంకించను. కానీ అవి ప్రజలకు పని నేర్పాయి, లెక్క నేర్పలేదు. వీధి శుభ్రం చేసుకోవడం, పొదుపు వసూలు చేయడం, ఫారాలు నింపడం, మీటింగుకు జనాన్ని పిలుచుకురావడం నేర్పాయి. కాలువ ఎవరిది, దానికి డబ్బు ఎంత వచ్చింది, అది ఎక్కడ ఖర్చయింది, ఆ కాగితం చూసే హక్కు ఎవరికుంది అన్నవి నేర్పలేదు. మరిచిపోయి వదిలేసిన పాఠం కాదిది. ఎందుకు కాదో చెప్పడానికే ఈ వ్యాసం.

వాలంటీరు పుట్టుక

తెలుగు పాఠకులకు ఈ కథ హైదరాబాద్ నుంచే మొదలవుతుంది. 1967లో అక్కడ పట్టణ సమాజాభివృద్ధి ప్రాజెక్టు ప్రారంభమైంది. యూసీడీ అంటే పాత బస్తీల్లోని పెద్దవాళ్లు ఇప్పటికీ గుర్తుపడతారు, జీహెచ్ఎంసీలో ఆ పేరుతో విభాగం మిగిలే ఉంది. బాల్వాడీలు, కుట్టు కేంద్రాలు, యువజన సంఘాలు, మహిళా మండలులు వచ్చాయి. తర్వాత యూనిసెఫ్ సాయం, డెబ్బైల చివర్లో పట్టాలూ బ్యాంకు రుణాలతో ఇళ్లు, ఎనభైల్లో బ్రిటన్ ప్రభుత్వ నిధులతో రోడ్లు, కాలువలు వచ్చాయి. దేశంలో ఇటువంటి ప్రయోగాల్లో ఎక్కువ పేరు తెచ్చుకున్న వాటిలో ఇదొకటి. అధికారి బస్తీకి వెళ్లి 'మీకేం కావాలి' అని అడగడం అప్పటికి కొత్త సంగతి. దాన్ని తక్కువ చేయనక్కర్లేదు.

ఈ ఆలోచనకు జాతీయ రూపం 1990ల మొదట్లో, పట్టణ పేదలకు మౌలిక సేవల పథకంతో వచ్చింది. 1997 డిసెంబర్ 1న మొదలైన స్వర్ణ జయంతి షహరీ రోజ్‌గార్ యోజన దాన్ని తనలో కలుపుకుంది. దీని మార్గదర్శకాలను సామాజిక శాస్త్ర విద్యార్థులు ఒకసారి ఓపిగ్గా చదవాలి. అట్టడుగున పది నుంచి నలభై మంది ఆడవాళ్లతో ఇరుగుపొరుగు బృందం. ఆ బృందం నుంచి ఏకాభిప్రాయంతోనో ఎన్నికతోనో ఒక రెసిడెంట్ కమ్యూనిటీ వాలంటీర్. వాలంటీర్లందరూ కలిసి ఇరుగుపొరుగు కమిటీ. ఆ కమిటీలన్నీ కలిసి పట్టణ స్థాయిలో సమాజాభివృద్ధి సొసైటీ. కాగితం మీద ఇది అందమైన నిర్మాణం. వాలంటీర్లను మారుస్తూ ఉండాలని కూడా అందులో ఉంది.

ఇప్పుడు రెండు చోట్ల ఆగాలి. మొదటిది వాలంటీరు విధుల జాబితా. కుటుంబాలకూ పైవాళ్లకూ మధ్య సమాచార వాహికగా ఉండటం, కమిటీలో తన బృందానికి ప్రాతినిధ్యం వహించడం, పరస్పర సాయాన్ని ప్రోత్సహించడం, పొదుపు వైపు నడిపించడం. ప్రాతినిధ్యం అన్న మాట ఉంది. అయితే ఆ ప్రాతినిధ్యం మున్సిపల్ కౌన్సిల్లో కాదు, పథకం తన కోసం తాను కట్టుకున్న కమిటీలో. 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చి, మురికివాడల మెరుగుదలను పన్నెండో షెడ్యూలులో మున్సిపాలిటీల పనిగా చేర్చి, మూడు లక్షల జనాభా దాటిన పట్టణాలకు వార్డు కమిటీలు ఉండాలని చెప్పిన నాలుగేళ్లకు వచ్చిన పథకమిది. రాజ్యాంగం ఒక తలుపు తెరిచింది. పథకం దాని పక్కన గోడకు ఇంకో తలుపు బొమ్మ గీసింది.

రెండోది, ఇరుగుపొరుగు బృందం ఒకే చోట ఆనుకుని ఉండాలి, సజాతీయంగా ఉండాలి అన్న నిబంధన. రాసినవాళ్ల మనసులో ఆర్థిక స్థితి ఉండి ఉండవచ్చు. కానీ మన పట్టణంలో సజాతీయం అంటే ఏమిటో ఎవరికి తెలియదు? మాలపేట ఒక బృందం, మాదిగపేట ఒక బృందం, వాటి వెనక కాలువ వారన రెల్లి వీధి ఇంకో బృందం. ఇరుగుపొరుగు అన్న మాటకు కులం ముందే హద్దులు గీసి ఉంచింది. శిక్షణ ఆ హద్దుల్ని చూడనట్టు నటించింది. అటు తర్వాత పట్టణ స్థాయి సమాఖ్యలో కుర్చీ ఎక్కేది ఎవరు? చదువు, తీరిక, కౌన్సిలర్ ఇంటితో పరిచయం ఉన్న వీధి నుంచి వచ్చిన మనిషి. రెల్లి వీధి ఆమె చివరి వరసలో కూర్చుంటుంది. ఆ రోజు మందిరంలో లేచి అడిగినామె ఏ వీధి నుంచి వచ్చిందో నేను అడగలేదు. అడగాల్సింది.

1948 నవంబర్ 4న రాజ్యాంగ ముసాయిదాను సభ ముందు పెడుతూ అంబేడ్కర్ గ్రామం గురించి అన్న మాటలు మనలో చాలామందికి కంఠతా వచ్చు. దాన్ని పల్లెకే పరిమితం చేసి చదవడం మన పొరపాటు. చిన్నదీ స్థానికమూ అయినంత మాత్రాన ఒక యూనిట్ ప్రజాస్వామికం అయిపోదన్నది ఆ వాదంలోని పస. పట్టణంలోని వార్డుకూ వీధికీ అది వర్తిస్తుంది. కులం గురించి ఒక్క గంట కూడా మాట్లాడని నాయకత్వ శిక్షణ, ఇప్పటికే నాయకత్వం చేతిలో ఉన్నవాళ్లకు సర్టిఫికెట్ ఇచ్చి పంపుతుంది.

శ్రమదానం ఎవరిది?

కాలనీలో వాలంటీరు ఉండడు. గమనించారా? ప్లాట్లు వేసి, అనుమతి తీసుకుని కట్టుకున్న కాలనీలో ఉండేది సంక్షేమ సంఘం. వీధి ఊడ్చడానికి వాళ్లకు శిక్షణ అక్కర్లేదు, జీతం తీసుకునే కార్మికురాలు వచ్చి ఊడుస్తుంది. సంఘం అధ్యక్షుడు కమిషనర్ గదిలో కూర్చుని మాట్లాడతాడు. ఢిల్లీలో 2000లో మొదలుపెట్టిన భాగీదారీ కార్యక్రమం మొదట పిలిచింది ఆమోదం పొందిన కాలనీల నివాసుల సంఘాలనే. జుగ్గీల్లో ఉన్నవాళ్లు ఆ బల్ల దగ్గర లేరు. ఆ సంఘాలు అడిగినవాటిలో జుగ్గీల తొలగింపు కూడా ఒకటని పట్టణ పరిశోధకులు రాశారు. ఒకరికి నగర పాలనలో భాగస్వామ్యం, ఇంకొకరికి స్వచ్ఛంద సేవలో శిక్షణ. ఇద్దరూ నివాసులే.

మురికివాడ అన్న సర్కారు మాట గురించి కూడా ఇక్కడే అనుకోవాలి. ఆ మురికి వాడది కాదు. పట్టణం మొత్తం వదిలిన నీరు పల్లానికి వచ్చి నిలిస్తే, నిలిచిన చోటికి ఆ పేరు పెట్టారు.

దేశంలో స్వచ్ఛత కార్యక్రమాలు వచ్చాక చీపురు పట్టిన ఫోటోలు పెరిగాయి. శ్రమదానం అన్న మాట మళ్లీ బలంగా వినిపించింది. దానం చేయాలంటే ముందు అది తనదై ఉండాలి. తరతరాలుగా ఎవరి శ్రమను వెట్టిగా లాక్కున్నారో వాళ్లను ఇప్పుడు శ్రమను దానం చేయమంటే ఆ మాటకు అర్థమేమిటి? మహర్ వతన్ మీద అంబేడ్కర్ చేసిన పోరాటాన్ని ఈ సందర్భంలో చదవాలి. ఊరికీ సర్కారుకూ రాత్రనక పగలనక చాకిరీ, దానికి బదులు ఇంత ఇనాం భూమి, ఇంత ధాన్యం. 1928లోనే ఆయన బొంబాయి శాసనమండలిలో దాని మీద బిల్లు పెట్టారు. ఆ వ్యవస్థ చట్టపరంగా రద్దు కావడానికి 1950ల చివరిదాకా పట్టింది. వతన్ అనేది జీతం కాదు, గౌరవం పేరుతో కట్టిన పలుపుతాడు. ఇవాళ గౌరవ వేతనం అన్న మాట విన్నప్పుడల్లా నాకు అది గుర్తొస్తుంది. అందులో గౌరవం ఎక్కువ, వేతనం తక్కువ.

ఆంధ్రప్రదేశ్ 2019లో తెచ్చిన గ్రామ, వార్డు వాలంటీర్ల వ్యవస్థ దీనికి పెద్ద ఉదాహరణ. పల్లెల్లో సుమారు యాభై ఇళ్లకు ఒకరు చొప్పున, రాష్ట్రమంతా రెండున్నర లక్షలకు పైగా యువతీయువకులు. నెలకు 5,000 రూపాయలు. వాళ్లలో పెద్ద సంఖ్యలో దళిత, బీసీ పిల్లలు, వాళ్లలోనూ ఆడపిల్లలు ఎక్కువ. వృద్ధురాలి గడపలోకి వెళ్లి పింఛను చేతిలో పెట్టడం చిన్న విషయం కాదు. గతంలో ఆ పింఛను కోసం ఎవరి అరుగు ముందు నిలబడాల్సి వచ్చేదో తెలిసినవాళ్లు దాన్ని తేలిగ్గా తీసిపారేయలేరు. కానీ ఆ వాలంటీరును ఎంపిక చేసింది ఆ యాభై ఇళ్లు కాదు, అధికారుల ఇంటర్వ్యూ బోర్డు. ఆమె ఫోనులో ప్రతి ఇంటి వివరం ఉంది. ఆ యాభై ఇళ్లకు మాత్రం తమ వీధి గురించి సర్కారు దగ్గర ఏముందో తెలియదు. సమాచారం కింది నుంచి పైకి పోయింది, పైనుంచి కిందికి రాలేదు. జీతం పెంచమని అడిగినప్పుడు ఇది ఉద్యోగం కాదు, సేవ అని చెప్పి, 2021 ఉగాదికి సేవా మిత్ర, సేవా రత్న, సేవా వజ్ర బిరుదులిచ్చారు. 2024 ఎన్నికల ముందు పింఛన్ల పంపిణీ నుంచి వాళ్లను తప్పించాలని ఎన్నికల సంఘం ఆదేశించింది. ప్రభుత్వం మారాక జూలై నుంచి పింఛన్లు సచివాలయ ఉద్యోగుల చేతుల మీదుగా వెళ్లాయి. అన్నేళ్లు ఇంటింటికీ తిరిగిన పిల్లల అనుభవాన్ని ఎవరూ అడగలేదు. ఒక పార్టీకి వాళ్లు కార్యకర్తలు, ఇంకో పార్టీకి వాళ్లు అవతలి పార్టీ కార్యకర్తలు. వాళ్లు ఏ వీధిలో పుట్టారో ఆ వీధికి ప్రతినిధులు అని ఎవరూ అనుకోలేదు. ఎందుకంటే వాళ్లను ఆ వీధి ఎన్నుకోలేదు.

మహద్‌లో ఒక మున్సిపల్ తీర్మానం

ఇంకో రకం వాలంటీరు మన చరిత్రలో ఉన్నాడు. మహద్ చవదార్ చెరువు కథను నీళ్ల కథగా, ఆత్మగౌరవ కథగా చెప్పుకుంటాం. అది ఒక మున్సిపల్ తీర్మానం కథ కూడా. బహిరంగ చెరువులు, బావులు అందరికీ తెరవాలని బొంబాయి మండలి 1923లో తీర్మానించింది. మహద్ మున్సిపాలిటీ 1924 జనవరిలో తన చెరువును తెరుస్తూ తీర్మానం చేసింది. కాగితం ఉంది, నీళ్లు అందలేదు. మూడేళ్ల తర్వాత, 1927 మార్చి 20న, వేలమంది ఆ కాగితాన్ని పట్టుకుని చెరువు దాకా నడిచారు. అదే ఏడాది ఆగస్టులో మున్సిపాలిటీ తన తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. కేసు కోర్టుకెక్కి, 1937లో హైకోర్టు దళితుల పక్షాన చెప్పేదాకా సాగింది. ఆ సభ మహద్‌లోనే జరగాలని పట్టుబట్టి ఏర్పాట్లు చేసినవాళ్లలో రామచంద్ర బాబాజీ మోరే వంటి ఆ ప్రాంతపు యువకులున్నారు. వాళ్లు చెరువు చుట్టూ శుభ్రం చేయడానికి వెళ్లలేదు. స్థానిక సంస్థ ఏం తీర్మానించిందో వాళ్లకు తెలుసు. అది అమలు కాలేదనీ తెలుసు. వాళ్ల శిక్షణ అది.

మన వైపూ ఆ పరంపర ఉంది. భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి, 1911లో మన్యసంఘం స్థాపించి, ఇసామియా బజార్, లింగంపల్లి వంటి చోట్ల బడులు పెట్టారు. వాడలోని మనుషులే హరికథలు చెప్పారు, బడి నడిపారు, చందాలు వసూలు చేశారు, లెక్కలు రాశారు. అది కూడా వాడ బాగు కోసం చేసిన స్వచ్ఛంద సేవే. యూసీడీ చరిత్ర రాసేటప్పుడు 1967కు ముందు హైదరాబాద్ బస్తీల్లో ఏమీ లేనట్టు మొదలుపెట్టడం మన విద్యారంగానికి అలవాటైపోయింది.

గీత గీయడం నేర్చుకున్న కుర్రాళ్లు

సాంకేతిక విషయాలు పేదలకు అర్థం కావన్న శిక్షకుడి మాటకు కరాచీలో జవాబుంది. అక్కడ ఓరంగీ అనే పెద్ద అనధికార కాలనీలో 1980లో అఖ్తర్ హమీద్ ఖాన్ ఒక పైలట్ ప్రాజెక్టు ప్రారంభించారు. ఇరవై ముప్పై ఇళ్ల సందు ఒక యూనిట్. ఆ సందువాళ్లే తమలో ఒకరిని మేనేజర్‌గా ఎన్నుకుంటారు. ప్రాజెక్టు ఇచ్చింది డబ్బు కాదు. సర్వే, లెవెల్, నక్షా, ఎస్టిమేటు, పనిముట్లు, మేస్త్రీలకు శిక్షణ. ఇంట్లో మరుగుదొడ్డి, సందులో మురుగు గొట్టం జనం సొంత డబ్బుతో వేసుకున్నారు. ప్రధాన కాలువ, శుద్ధి కేంద్రం సర్కారు బాధ్యత. లోపలి పని మాది, బయటి పని మీది అని గీత గీశారు. ఆ గీతే అసలు సంగతి. అది గీయడానికి కాలనీ కుర్రాళ్లు పటాలు తయారుచేయడం నేర్చుకున్నారు. ఏ సందు నీళ్లు ఏ నాలాలోకి పోతున్నాయో వాళ్ల దగ్గరే పటం ఉంటే, నగర సంస్థ ఇంజనీరు 'అది మాది కాదు' అనలేడు.

డెల్టా పట్టణంలో ఆమె అడిగింది సరిగ్గా ఇదే: లోపలి పని మాది, ఒప్పుకుంటాం, బయటి పని ఎవరిది?

ఓరంగీని మెచ్చుకునేవాళ్లు సాధారణంగా ఇక్కడ ఆగిపోతారు, పేదలు సొంత డబ్బుతో వేసుకున్నారు కదా అని ప్రపంచ బ్యాంకు భాషలో సంతోషిస్తారు. నాకు రెండు అభ్యంతరాలున్నాయి. సొంత ఖర్చుతో మురుగు గొట్టం వేసుకునే అవసరం ధనికుల పేటకు ఎందుకు రాలేదన్నది ఒకటి. పాకిస్తాన్‌లోనూ ఆ గొట్టంలోకి దిగేది ఒకనాటి అంటరాని కులం నుంచి క్రైస్తవంలోకి వెళ్లినవాళ్లే అన్నది రెండోది. పారిశుద్ధ్య ఉద్యోగాలు ముస్లిమేతరులకే అని అక్కడ ప్రకటనలు పడేవి. గొట్టం వేయడం నేర్పిన శిక్షణ, గొట్టంలోకి ఎవరు దిగాలన్న ప్రశ్న జోలికి వెళ్లలేదు. పటం గీయడం భద్రమైన పని అని కూడా అనుకోవద్దు. ఆ ప్రాజెక్టును నడిపిన వాస్తుశిల్పి పర్వీన్ రెహమాన్ నీళ్ల చౌర్యాన్నీ భూకబ్జాలనూ నమోదు చేస్తూ వచ్చారు. 2013 మార్చి 13న ఆమెను కాల్చి చంపారు.

కేరళలో 1993లో అలప్పుళ పట్టణంలో మొదలైన మహిళా సమాఖ్యలు తర్వాత కుటుంబశ్రీకి బాట వేశాయి. అక్కడి ఇరుగుపొరుగు బృందంలో మౌలిక వసతుల బాధ్యత చూసే వాలంటీరు వేరుగా ఉంటుంది, క్రమం తప్పని ఎన్నికలుంటాయి. అది నిలబడటానికి ముఖ్యకారణం శిక్షణ కాదని నా నమ్మకం. 1996 తర్వాత స్థానిక సంస్థల చేతికి ప్రణాళికా నిధులు వచ్చాయి. అడగడానికి వెళితే అక్కడ ఇవ్వడానికి ఏదో ఉంది.

కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌కూ ఈ విషయానికీ చిత్రమైన సంబంధం ఉంది. జాకిన్ అర్పుదం, బెజవాడ విల్సన్ ఇద్దరూ అక్కడే పుట్టారు. జాకిన్ ముంబై మురికివాడల సమాఖ్యను కట్టాడు. 1985లో బైకల్లా ప్రాంతపు ఫుట్‌పాత్ వాసుల జనగణనలో ఒక సంస్థ అక్కడి ఆడవాళ్లతో కలిసి పనిచేసింది. మరుసటి ఏడాది వాళ్లలోంచే మహిళా మిలన్ పుట్టి, జాకిన్ సమాఖ్యతో కలిసి నడిచింది. మీరిక్కడ లేరు అన్న నగరానికి, ఇదిగో ఉన్నాం అని లెక్క చూపించారు. తెలుగు పారిశుద్ధ్య కార్మికుల కుటుంబంలో పుట్టిన విల్సన్, సఫాయి కర్మచారీ ఆందోళన్‌లో వాడలోని మనుషులకే పొడి మరుగుదొడ్లను గుర్తించి నమోదు చేయడం నేర్పించాడు. పాకీపని లేదని రాష్ట్రాలు అఫిడవిట్లు వేస్తే, ఫలానా వీధిలో ఫలానా దొడ్డి, ఇదిగో ఫోటో అని వాళ్లు కోర్టు ముందు పెట్టారు. 2003లో వేసిన ఆ పిటిషన్ మీద 2014 మార్చి 27న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, సెప్టిక్ ట్యాంకుల్లో చనిపోయినవారి కుటుంబాలకు పది లక్షల పరిహారం ఇవ్వాలంది. 2023లో అది ముప్పై లక్షలైంది. పరిహారం అందక తిరుగుతున్న కుటుంబాల సంగతి వేరే రాయాలి. వాడ మనుషులు కెమెరా, కాగితం పట్టుకున్నప్పుడు ఏమవుతుందో మాత్రం దేశం చూసింది.

నేర్పితే ఏం నేర్పాలి

అలాంటి మూడు రోజుల శిక్షణ నా చేతికిస్తే మొదటి రోజు హాల్లో కూర్చోబెట్టను. ఇంటి ముందు కాలువ దగ్గర మొదలుపెట్టి నీళ్లు పోయే దారి వెంట అందరం నడుస్తాం. ఎక్కడ పూడింది, ఎక్కడ కల్వర్టు ఇరుకైంది, ఎక్కడ ఎవరి ప్రహరీ కాలువను మింగింది, ఎక్కడ పెద్ద కాలువలో కలిసింది, అన్నీ చేత్తో గీసిన పటం మీదికి రావాలి. ఆ పటం పక్కన రెండో రోజు మున్సిపల్ బడ్జెట్ పుస్తకం పెట్టాలి. పేదల బస్తీల సేవలకు బడ్జెట్లో వేరుగా కేటాయింపు ఉండాలన్నది 2005లో వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ పునరుద్ధరణ మిషన్ పెట్టిన షరతుల్లో ఒకటి. అది తమ పట్టణంలో ఉందా, ఉంటే ఏ పద్దు కింద ఎంత? ఎస్సీ సబ్‌ప్లాన్ చట్టం 2013లో వచ్చింది, తెలంగాణలో 2017 నుంచి ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టంగా మారింది. తమ వార్డులో ఆ పద్దు కింద వేసిన రోడ్డు పేటలో ఉందా, పేట పక్కనుంచి కాలనీకి పోయిందా?

సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టడం చాలామంది నేర్పుతారు. అదే చట్టంలో 2(జె) కింద పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నుంచి ధ్రువీకరించిన నమూనా తీసుకునే హక్కు ఉన్నాయని చెప్పేవాళ్లు తక్కువ. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్లకు రుసుము లేదని చెప్పేవాళ్లు ఇంకా తక్కువ. ఎం-బుక్‌లో ఇంజనీరు రాసిన పొడవు, వెడల్పు, మందం టేపు పెట్టి కొలవడానికి ఇంటర్ చదివిన పిల్ల చాలు. ఇక్కడే శిక్షణకు ప్రమాదం మొదలవుతుంది. టేపు పట్టిన మర్నాడు కాంట్రాక్టరు మనుషులు ఇంటికొస్తారు, కౌన్సిలర్ కబురు పెడతాడు. బెలూన్లు ఊదించే శిక్షణకు నిధులెందుకు వస్తాయో, టేపు పట్టించే శిక్షణకు ఎందుకు రావో నన్ను అడగనక్కర్లేదు.

కాలువలోకి ఎవరు దిగాలన్నదీ శిక్షణలో ఉండాల్సిన విషయమే. యంత్రాలూ రక్షణ సామగ్రీ లేకుండా మనిషిని మురుగులోకి దించడం 2013 చట్టం కింద నేరమని వాలంటీరుకు తెలిసి ఉండాలి. లేకపోతే స్వచ్ఛత డ్రైవ్ రోజున పక్కవీధి రెల్లి కుర్రాణ్ణి 'నువ్వైతే దిగగలవు' అని తనే పిలుస్తుంది.

డబ్బు గురించి కూడా దాపరికం వద్దు. కూలికి వెళ్లే మనిషి మూడు రోజులు శిక్షణలో కూర్చుంటే మూడు రోజుల కూలి పోతుంది. ఆ కూలి ఇవ్వాలి, తర్వాత చేసే పనికీ ఇవ్వాలి. ఇస్తే సర్కారు మనిషైపోతుందని, ప్రశ్నించే గుణం పోతుందని అభ్యంతరం చెబుతారు. ప్రొఫెసర్లకు జీతం ఇస్తే ప్రశ్నించడం మానేశారా అని అడగాలనిపిస్తుంది కానీ, ఆ ఉదాహరణ నా వాదనకు ఎంతవరకు పనికొస్తుందో నాకే అనుమానం. జీతం ఎవరిచ్చినా ఎంపిక వీధిదై ఉండాలి, దించే అధికారం కూడా వీధికే ఉండాలి. రెండేళ్లకోసారి మనిషి మారాలి. లెక్క అందరి ముందూ చదవాలి.

మన లోపలి అభ్యంతరం

ఇంకో అభ్యంతరం మనవాళ్ల నుంచే వస్తుంది, దాన్ని తేలిగ్గా దాటలేను. వాడను బాగుచేసుకుంటూ కూర్చుంటే వాడ వాడగానే ఉంటుంది కదా? ఊరికి దూరంగా మనల్ని ఉంచిన చోటును మనమే అలంకరించుకోవడం ఏమిటి? అంబేడ్కర్ పల్లె వదలమన్నారు, నగరంలో కులం చెరుగుతుందని ఆశపడ్డాం. ఏడు పెద్ద నగరాల వార్డుల జనగణన లెక్కలు తీసి త్రినా వితయతిల్, గాయత్రి సింగ్ 2012లో రాసిన వ్యాసం ఆ ఆశ మీద నీళ్లు చల్లింది. ఆర్థిక స్థితిని బట్టి ఉన్న వేర్పాటు కంటే కులాన్ని బట్టి ఉన్న నివాస వేర్పాటే ఎక్కువని వాళ్లు చూపించారు. ఆ ఏడింటిలో హైదరాబాద్ కూడా ఉంది. వాలంటీరు ఎంత చక్కగా కాలువ కట్టించినా, ఆ కాలువ అవతల ఇల్లు అద్దెకు అడిగితే ముందు అడిగేది పేరూ ఊరూ కాదు.

దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. నీళ్లు ఇంట్లోకి వచ్చే ఆగస్టు రాత్రి మంచం మీద పిల్లల్ని ఎక్కించి కూర్చున్న మనిషికి, నివాస వేర్పాటు పోయేదాకా ఆగమని చెప్పలేం. అలాగని కాలువే విముక్తి అని చెప్పే శిక్షకుడి పక్కనా నిలబడలేను. నాకు తోచింది ఇంతే. పల్లం మనకే ఎందుకొచ్చిందో, పెద్ద కాలువ పూడిక బడ్జెట్ ఏ వార్డుకు వెళ్లిందో వాడ మనుషులు తమ చేతి పటంలో చూపించగలిగితే, వేర్పాటు అన్నది సెమినార్ మాటగా మిగలదు, మున్సిపల్ కౌన్సిల్లో ఎజెండా అంశమవుతుంది. విశ్వవిద్యాలయాల్లో ప్లానింగ్, సివిల్, సోషియాలజీ చదువుతున్న మన పిల్లలు ఈ పనికి వెళ్లాలి. సర్వే చేసి థీసిస్ రాసుకుని వచ్చేయడం కాదు, లెవెల్ పట్టడం నేర్పి, తీసిన పటం అక్కడే వదిలి రావాలి.

ఆ మందిరంలో గోడకు పట్టణ పటం ఒకటి వేలాడుతోంది. మూడు రోజులూ దాని వైపు ఎవరూ తిరగలేదు. ఆఖరి రోజు సర్టిఫికెట్లు ఇచ్చి, భోజనాలయ్యాక, పెద్ద కాలువ గురించి అడిగినామె మరో ఇద్దరిని తోడు తీసుకుని ఆ పటం ముందు నిలబడింది. చదువొచ్చిన అమ్మాయి వేలు పెట్టి వెతుకుతోంది. బస్టాండు దొరికింది. కూరగాయల మార్కెట్ దొరికింది. పెద్ద కాలువ నీలిగీతగా, పేరుతో సహా దొరికింది. దాని గట్టు వెంట తమ వీధులు ఉండాల్సిన చోట ఏమీ రాసి లేదు. వట్టి తెల్లకాగితం. ఆమె కాసేపు చూసి, అటెండరును పిలిచి, ఇది జిరాక్సు ఎక్కడ తీయించుకోవచ్చని అడిగింది.